గుడ్డు పగలకూడదు, పెద్దలు ముట్టుకోకూడదు

గురువారం, 2024 మే 16

స్కూలు వదిలింది రెండున్నరకి. వ్యాన్లు కదిలింది నాలుగింటికి. మధ్యలో గంటన్నరా రాకెట్లకు సీట్లు కుదర్చడానికే సరిపోయింది. బ్యాగులైతే ఎక్కడో ఒకచోట ఇరికించొచ్చు, కాదంటే ఒళ్లో పెట్టుకోమనొచ్చు. రాకెట్ ఉన్న పొడవాటి ప్లాస్టిక్ డబ్బాను మాత్రం సీట్లో పెట్టి బెల్టు కట్టాల్సిందేనని క్లబ్ కెప్టెన్ పట్టు పట్టింది. పదకొండో తరగతి పిల్ల. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. అలా ఒక సీటు రాకెట్‌కీ, ఇంకో సీటు దాని స్పేర్‌కీ పోయాక, మిగతావాళ్లం సూట్‌కేసుల మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం.

మాది న్యూజెర్సీ, ఎడిసన్ వైపు. క్లబ్‌లో తొమ్మిది మంది పిల్లలు. సగం మంది మన తెలుగువాళ్లే. పెద్దవాళ్లలో వాళ్ల ఫిజిక్స్ టీచరు, నేను, ఇంకో పిల్లాడి నాన్న. ఆయనది వరంగల్, వృత్తి సివిల్ ఇంజినీరింగ్. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇతరులు కట్టినదాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, ఎక్కడ ఏది వదులుగా ఉన్నా బిగించడం ఆయన ఉద్యోగం. ఈ ప్రయాణంలో మా ఇద్దరికీ ఆ రెండు పనులూ నిషేధం.

వెళ్తున్నది అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ ఫైనల్స్‌కి. వర్జీనియాలో ది ప్లెయిన్స్ అనే చిన్న ఊరి పక్కన, గ్రేట్ మెడో మైదానంలో జరుగుతుంది. రైట్ సోదరుల విమానానికి నూరేళ్లు నిండిన 2003లో ఒక్కసారికని మొదలుపెట్టారు. పిల్లలు ఎగబడటంతో ఏటా జరిగే జాతరైంది. నడిపేది ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ అసోసియేషన్, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ కలిసి. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఎవరైనా జట్టు కట్టొచ్చు. ఈ ఏడాది దేశం మొత్తం మీద 900కు పైగా జట్లు దిగితే, ఫైనల్స్‌కి పిలిచేది 100 జట్లను.

పోటీ చెప్పుకోవడానికి తేలిక. ఈ ఏడాది ఒక పచ్చి కోడిగుడ్డును రాకెట్లో పెట్టి 820 అడుగుల ఎత్తుకు పంపాలి. ఎగిరిన క్షణం నుంచి నేల తాకేదాకా 43 నుంచి 46 సెకన్లలోపు ముగియాలి. గుడ్డు పగలకూడదు. గుడ్డుతో, మోటారుతో (రాకెట్‌ని పైకి తోసే మందు గొట్టం) కలిపి బరువు 650 గ్రాములు దాటకూడదు. ఎత్తులో అడుగు తేడా వస్తే ఒక పాయింటు, టైములో సెకను తేడా వస్తే నాలుగు పాయింట్లు. పాయింట్లు ఎంత తక్కువైతే అంత మంచిది. గుడ్డుకు సన్నటి గీత పడినా ఆ ప్రయోగం లెక్కలోకి రాదు. ఇది దీపావళి తారాజువ్వ కాదు, ఎంత పైకి పోతే అంత గొప్ప అనుకోవడానికి. పైకి పోవడం మోటారు చూసుకుంటుంది. సరిగ్గా అక్కడే ఆగడం పిల్లలు చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకోటుంది. రాకెట్ డిజైన్ చేసేది, కట్టేది, ఎగరేసేది పిల్లలే అయి ఉండాలి. పెద్దలు డబ్బు కట్టొచ్చు, వ్యాను నడపొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు. మన ఇళ్లల్లో సైన్స్ ఎగ్జిబిషన్ అంటే ముందురోజు రాత్రి థర్మోకోల్ కోసేది ఎవరో, వాన చుక్కలకు రంగులేసేది ఎవరో అందరికీ తెలుసు. ఆ అలవాటులో పెరిగి అమ్మానాన్నలమైన మాకు ఈ నియమం మింగుడు పడటానికి చాలా కాలం పట్టింది.

ఇంట్లో మా అత్తయ్యకైతే ఇప్పటికీ పడలేదు. ఆవిడది నాయుడుపేట. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లను డాబా ఎక్కి చూసిన మనిషి. "ఏందమ్మా, ఇంతమంది పిల్లకాయల్ని ఏసుకోని గుడ్డు ఎగరెయ్యడానికి పోతా ఉండారా?" అంటూనే పులిహోర, చేగోడీలు, మాగాయ కట్టిచ్చింది. మావాడు ఆవిడ పాండ్స్ పౌడర్ డబ్బా ఎత్తుకొచ్చాడన్న సంగతి దారిలో తెలిసింది. పారాషూట్ మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా పౌడర్ చల్లుతారట. అలా చల్లితే గాల్లో టక్కున విచ్చుకుంటుందట. బేబీ పౌడర్ కొనిస్తాను కదరా అంటే, ప్రాక్టీసంతా దీంతోనే చేశాం, ఇప్పుడు ఏదీ మార్చకూడదన్నాడు. టెస్టింగ్ మనిషిని, ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను.

వ్యాన్లో లేనివి మోటార్లు ఒక్కటే. వాటిని ముందే ఆర్డర్ చేసి మైదానంలోనే తీసుకునేలా ఏర్పాటు చేసుకున్నాం. కాలిఫోర్నియా నుంచో టెక్సస్ నుంచో విమానంలో వచ్చే జట్లకు వేరే దారే లేదు. రాకెట్ మోటారును చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ సామానులో కూడా విమానం ఎక్కనివ్వరు. ఖాళీ రాకెట్‌ని చూసి కూడా ఎయిర్‌పోర్టు వాళ్లు నాలుగు ప్రశ్నలు వేస్తారని ఫిజిక్స్ టీచరు చెప్పాడు.

టర్న్‌పైక్, డెలావేర్ బ్రిడ్జి, మేరీలాండ్ హౌస్ అనే రెస్ట్ స్టాప్ దగ్గర కాఫీ. అక్కడిదాకా దారి గురించి చెప్పడానికేం లేదు. బాల్టిమోర్ దగ్గరపడేసరికి బండ్లు నత్తనడక పట్టాయి. మార్చి 26న ఓడ గుద్ది ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జి కూలిపోయాక, ఆ బ్రిడ్జి మీద పోయే బండ్లు కూడా టన్నెళ్ల మీద పడ్డాయి. ఆ రాత్రి బ్రిడ్జి మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. మేం వెళ్లేనాటికి ఓడ ఇంకా అక్కడే ఇరుక్కుని ఉంది. వ్యాన్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వరంగల్ ఆయన స్తంభాల చుట్టూ రక్షణ కట్టడాలు ఎలా ఉండాలో మొదలుపెట్టాడు. టన్నెల్ దాటి, ఊరు దాటి, లారెల్‌లో హోటలు చేరేదాకా ఆపలేదు. పిల్లలు బాగానే విన్నారు. చీకటి పడ్డాక పులిహోర ఖాళీ చేసి పడుకున్నాం.

శుక్రవారం, మే 17

పొద్దున్నే గ్రీన్‌బెల్ట్‌లోని నాసా గొడ్డార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్ విజిటర్ సెంటర్‌కి వెళ్లాం. లోపలున్న బొమ్మలు, స్క్రీన్లు పిల్లలు గబగబా చూసేశారు. బయట గడ్డిలో నిలబెట్టిన డెల్టా రాకెట్ దగ్గర మాత్రం కదల్లేదు. దాని కిందికి దూరి, ఫిన్‌లు, అంటే తోక దగ్గరి రెక్కలు, బాడీకి ఎలా అతికాయో చూస్తూ గుంపుగా వాదులాడుకున్నారు.

ఈ సెంటర్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ రాబర్ట్ గొడ్డార్డ్ కథ ఫిజిక్స్ టీచరు అక్కడే గడ్డి మీద కూర్చోబెట్టి చెప్పాడు. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో, తమ బంధువుల పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే మొదటి రాకెట్‌ని ఎగరేశాడు. అది లేచింది 41 అడుగులు. గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లు. పడింది 184 అడుగుల దూరంలో క్యాబేజీ తోటలో. అంతకు ఆరేళ్ల ముందే న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో ఆయన్ను వెక్కిరించారు, శూన్యంలో రాకెట్ నడవదన్న హైస్కూలు స్థాయి సంగతి కూడా ఈయనకు తెలియదని. ఆ పత్రిక తప్పు దిద్దుకున్నది 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి వైపు బయలుదేరిన మర్నాడు. అప్పటికి గొడ్డార్డ్ పోయి ఇరవై నాలుగేళ్లు.

"41 అడుగులంటే మన లెక్కలో 779 పాయింట్లు" అంది జట్టులో అందరికంటే చిన్నదైన తొమ్మిదో తరగతి పిల్ల. "గుడ్డు కూడా పగిలేది" అన్నాడు ఇంకొకడు. గొడ్డార్డ్‌కి ఫైనల్స్‌కి పిలుపు రాదని తేల్చేశారు.

నేను మాత్రం మా అత్తయ్య డాబా గురించి చెప్పాను. శ్రీహరికోట నుంచి మొదట లేచింది పెద్ద రాకెట్టేం కాదు, 1971 అక్టోబరు 9న ఎగిరిన రోహిణి-125. పేరులోని 125 దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. పిల్లల రాకెట్ వ్యాసం 66. "అంటే మనది సగం రోహిణి" అన్నాడు మావాడు. వాళ్ల నాయనమ్మకు వెంటనే మెసేజ్ పెట్టాడు. ఇండియా ప్రసక్తి వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునే పిల్లాడు తనంతట తాను పెట్టిన మెసేజ్ అది, అందుకని రాస్తున్నాను.

మధ్యాహ్నం షాంటిల్లీలో స్మిత్‌సోనియన్ వాళ్ల ఉద్వార్-హేజీ సెంటర్. విమానాల హ్యాంగర్‌లోనే మ్యూజియం. కాంకార్డ్, బ్లాక్‌బర్డ్ అన్నీ ఉన్నాయి. కానీ మా వాళ్లు నేరుగా డిస్కవరీ షటిల్ దగ్గరికి వెళ్లారు. 39 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన షటిల్. ఇంకే షటిలూ అన్నిసార్లు వెళ్లలేదు. ఫొటోల్లో తెల్లగా కనిపించే ఆ ఒళ్లు దగ్గర్నుంచి చూస్తే తెలుపు కాదు. పలకల మీద కాలిన చారలు, మసి, ఒక్కో పలక మీద నంబరు. ముస్తాబు చేయకుండా దిగి వచ్చినట్టే ఉంచారు, అది నాకు నచ్చింది. రాకెట్‌కి మళ్లీ రంగు వేయాలా అన్న తగువు కూడా దాంతో ముగిసింది. రంగు బరువు రెండు గ్రాములు పెరుగుతుందని ఒక వర్గం, అందం ఉండాలని ఇంకో వర్గం వారంగా కొట్టుకుంటున్నారు.

గ్రాముల గొడవ ఏంటో కాస్త చెప్పాలి. మోటార్లకు అక్షరాలుంటాయి. అక్షరం మారినప్పుడల్లా శక్తి పరిమితి రెట్టింపు. ఎ అంటే 2.5 న్యూటన్-సెకన్ల దాకా, బి అంటే 5, అలా పోతూ ఎఫ్ అంటే 80. ఈ పోటీలో 80 దాటకూడదు. మోటారు ఫ్యాక్టరీలో చేసినది కాబట్టి దాని శక్తిని పిల్లలు మార్చలేరు. మార్చగలిగింది బరువు. నోస్ కోన్‌లో, అంటే రాకెట్ మొనలో, బంకమట్టో వాషర్లో చేర్చి, రెండు మూడు గ్రాములు అటూ ఇటూ చేసి ఎత్తును సర్దుతారు. చల్లగా ఉంటే గాలి చిక్కగా ఉంటుంది, రాకెట్ తక్కువ ఎత్తుకు పోతుంది, అప్పుడు బరువు తగ్గించాలి. ఎండ కాస్తే పైకి లేచే వేడి గాలి పారాషూట్‌ని కిందికి దిగనివ్వదు, అప్పుడు దాన్ని చిన్నది చేయాలి. ఏ వాతావరణానికి ఎంత బరువు, ఏ పారాషూట్ అన్నది మావాళ్లు చలికాలమంతా పొలాల్లో ఎగరేసి ఒక పట్టిక తయారుచేశారు. ముందు ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్క కడతారు, తర్వాత పొలంలో అది ఎంత అబద్ధం చెప్పిందో రాసుకుంటారు. ఆ నోటుబుక్కును కెప్టెన్ ఎవరి చేతికీ ఇవ్వదు.

సాయంత్రం మనస్సాస్‌లో హోటలు. అసలు కథ అక్కడ.

రాకెట్‌ని డబ్బాలోంచి తీసి చూస్తుంటే ఒక ఫిన్ మొదట్లో వెంట్రుక మందాన చీలిక కనిపించింది. వేలితో నొక్కితే ఫిన్ కదులుతోంది. బెల్టు కట్టి మరీ తెచ్చిన డబ్బా. దారిలో అదిరిందో, అంతకుముందు ప్రాక్టీసులో దిగినప్పుడే దెబ్బ తగిలిందో ఎవరికీ తెలీదు. గదిలో తొమ్మిది మంది పిల్లలూ ఒక్కసారి మౌనం. తర్వాత తొమ్మిది మందీ ఒక్కసారి మాటలు. స్పేర్ రాకెట్ ఎగరేద్దామని కొందరు. స్పేర్ ఎప్పుడూ పది అడుగులు తక్కువే పోతుందని కొందరు.

వరంగల్ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బ్రిడ్జిలు కట్టే మనిషి. ఆ చీలికను ఎలా పూడ్చాలో ఆయనకు నిద్రలో కూడా తెలుసు. నెమ్మదిగా లోపలికి ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు, చెయ్యి చాచాడు. కెప్టెన్ తల ఎత్తకుండానే, "అంకుల్, ప్లీజ్" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టుకున్నాడు.

ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వాడాలా, ముప్ఫై నిమిషాలదా అన్న చర్చ చాలాసేపు నడిచింది. త్వరగా ఆరేదాని కంటే నెమ్మదిగా ఆరేది గట్టిగా పట్టుకుంటుందని ముప్ఫై నిమిషాలదే కలిపారు. హోటల్ ఐస్ బకెట్ మూత మీద రెండు ట్యూబుల్లోంచి సమంగా పిండి, కాఫీ కలిపే పుల్లతో తిప్పారు. చీలికను ముందు సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, దూది పుల్ల అంచుతో జిగురు లోపలికి నెట్టి, తర్వాత ఫిన్ మొదట్లో రెండు పక్కలా సన్నటి వంపుగా వేలితో సాఫు చేసింది తొమ్మిదో తరగతి పిల్ల. సన్నటి వేళ్లు తనవే కాబట్టి పని తనకిచ్చారు. రాకెట్‌ని రెండు దిండ్ల మధ్య పడుకోబెట్టి, ఫిన్ నిటారుగా ఉండటానికి రెండు బైబిళ్లు ఆనించారు. ఇక్కడి హోటల్ గదుల డ్రాయర్లలో తరచూ ఉండేవే, పక్క గది నుంచి ఇంకోటి తెచ్చారు.

జిగురు బరువు గ్రామున్నర. కెప్టెన్ నోటుబుక్కులో రాసుకుని, అంతే బంకమట్టి నోస్ కోన్‌లోంచి గిల్లి తీసింది.

బయట కారిడార్‌లో ఆయన నాతో అన్న మాట: "నేనైతే లోపల చిన్న గుడ్డ ముక్క పెట్టి అతికించేవాణ్నండీ." నేనైతే ఆ చీలిక నిన్ననే పట్టుకునేదాన్నని నా లోపల ఉంది. ఇద్దరం వెళ్లి మెషీన్లో కాఫీ తెచ్చుకున్నాం.

శనివారం, మే 18

రాత్రి కురిసిన వాన పొద్దున్నకి తుంపరైంది. ఐ-66 మీద పడమటికి పోతుంటే ఊళ్లు పలచబడి, గుర్రాల కంచెలు, పచ్చటి గుట్టలు మొదలయ్యాయి. గ్రేట్ మెడో అసలు గుర్రప్పందేల మైదానం. ఏటా మే మొదటి శనివారం అక్కడ వర్జీనియా గోల్డ్ కప్ జరుగుతుంది, పెద్ద టోపీలు పెట్టుకున్న జనం వస్తారు. రెండు వారాల తర్వాత అదే గడ్డి మీద మాలాంటి వాళ్లం రెయిన్‌కోట్లు వేసుకుని, చేతుల్లో అట్టగొట్టాలు పట్టుకుని దిగుతాం. విచిత్రంగా అదే రోజు బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ పందెం. అక్కడ బురదలో సీజ్ ది గ్రే అనే గుర్రం గెలిచింది. ఇక్కడ బురదలో నా బూట్లు పోయాయి.

వంద జట్లు, వాళ్ల టీచర్లు, అమ్మానాన్నలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఒకే రంగు టీషర్టులు, వింత పేర్ల బ్యానర్లు. పెద్ద పెద్ద ఏరోస్పేస్ కంపెనీలు, సైన్యం వాళ్ల స్టాళ్లు ఒక వరుస. ఊరికే ఇచ్చే పెన్నుల కోసం చిన్నపిల్లల పరుగులు. వేరుశనక్కాయలు, జీళ్లు లేవన్నమాటే గానీ తిరునాళ్లే.

మోటార్ల టెంట్ దగ్గర మా ఆర్డరు సరిచూసుకుని తీసుకున్నాం. అక్కడ పనిచేసేవాళ్లంతా రాకెట్రీ అసోసియేషన్ వలంటీర్లు, చాలామంది జుట్టు నెరిసినవాళ్లు. మా వంతు రావడానికి టైముందని ఒక పెద్దాయన పిల్లలకు ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పాడు. 1954లో నెబ్రాస్కాలోని నార్ఫోక్ అనే ఊళ్లో ఆర్విల్ కార్లైల్ అనే చెప్పుల షాపు యజమాని, సోదరుడు రాబర్ట్‌తో కలిసి, వాడి పారేయగల చిన్న మోటారుతో నడిచే రాకెట్ తయారుచేశాడు. రెండు మూడేళ్లకు, వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్ ఒక పత్రికలో రాకెట్ భద్రత గురించి రాసిన వ్యాసం చదివి, తన రాకెట్లు ఆయనకు పోస్టులో పంపాడు. అదే 1957లో స్పుత్నిక్ ఎగిరింది. దాంతో దేశంలో కుర్రాళ్లంతా ఇనుప గొట్టాల్లో మందు కూరి రాకెట్లు చేయబోయి వేళ్లు, కళ్లు పోగొట్టుకుంటున్న రోజులు. మందు ముట్టుకోనక్కర్లేని ఫ్యాక్టరీ మోటారు, ఇనుము లేని అట్ట ఒళ్లు, అగ్గిపుల్ల బదులు దూరం నుంచి నొక్కే కరెంటు బటన్. మోడల్ రాకెట్ అంటే ఈ మూడే. అసోసియేషన్ కూడా ఆ ఏడాదే పుట్టింది.

"వద్దంటే మానరు కదా. అందుకని సరిగ్గా చేసే దారి చూపించారు" అన్నాడు పెద్దాయన. వరంగల్ ఆయన తల చాలాసేపు ఊపాడు.

గుడ్డు మనం తెచ్చుకోవడానికి లేదు, వాళ్లే ఇస్తారు. పెంకును లైటుకు పట్టి చూసుకుని, మెత్తటి నురుగు గూడులో పెట్టారు. పారాషూట్‌కి పాండ్స్ పౌడర్ చల్లి మడిచారు, టెంట్ అంతా మా అత్తయ్య గది వాసన. మోటారు చివర్లో పైకి వదిలే వేడికి పారాషూట్ కాలకుండా మధ్యలో నిప్పంటుకోని కాగితపు పీచు కూరతారు. ఇక్కడి రాకెట్ వాళ్లు దాన్ని కుక్క వాంతి అంటారు. చూస్తే మీరూ అదే అంటారు.

పట్టిక ప్రకారం, ఈ చలికి, ఈ తేమకు, నాలుగు గ్రాములు తగ్గించాలి. తగ్గించారు. ఫైనల్స్‌లో లక్ష్యపు ఎత్తును కాస్త మారుస్తారు కాబట్టి దానికీ సర్దుబాటు చేశారు. తనిఖీ బల్ల దగ్గర వలంటీరు రాకెట్ తూచి, ఫిన్‌లు ఒక్కొక్కటీ పట్టుకుని కదిపి చూశాడు. అతికించిన ఫిన్ దగ్గరికి వచ్చేసరికి నా గుండె గొంతులో ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు కదిపాడు. అది కదల్లేదు. "ఎవరు అతికించారు?" అని అడిగాడు. తొమ్మిదో తరగతి పిల్ల చెయ్యెత్తింది.

ప్రయోగించే ప్యాడ్ దగ్గరికి పెద్దవాళ్లు పోకూడదు, తాడు ఇవతలే ఆగాలి. మబ్బు బాగా కిందికి దిగితే ప్రయోగాలు ఆపేస్తారు, మబ్బులోకి రాకెట్ వదలకూడదు. మా వంతు ముందు అలాగే కాసేపు ఆగింది. పిల్లలు రాకెట్‌ని నిటారుగా నిలిపిన పట్టాకు తగిలించి, తుంపర తగలకుండా నోస్ కోన్ మీద చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. తర్వాత కాస్త తెరిపి ఇచ్చింది. మైకులో ఐదు, నాలుగు, మూడు. బటన్ నొక్కింది మావాడని తర్వాత వీడియోలో చూశాను. అప్పుడు చూసింది పొగ మాత్రమే.

సర్రుమని పోయింది. పైన టప్ మన్న చప్పుడు, నారింజ రంగు పారాషూట్ విచ్చుకుంది. ఇక అక్కడి నుంచి దిగడం. ఇద్దరు వలంటీర్లు స్టాప్‌వాచీలు పట్టుకుని చూస్తున్నారు. మా తొమ్మిది మందీ పైకి చూస్తూ సెకన్లు లెక్కపెడుతున్నారు, పెద్దలం ముగ్గురం కూడా. ముప్ఫై అయిదు దాటేసరికి ఇంకా రెండు తాడిచెట్ల ఎత్తున ఉంది, సరిపోతుందనుకున్నాం. చివర్లో కిందికి తోసిన గాలో ఏమో, గబుక్కున గడ్డి మీద కూర్చుంది.

పరిగెత్తుకెళ్లి తెచ్చారు. రాకెట్లోపల ఆల్టీమీటర్ అని వేలంత ఎలక్ట్రానిక్ ముక్క ఉంటుంది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచి, బీప్‌లతో చెబుతుంది. 820 అయితే ఎనిమిది బీప్‌లు, ఆగి రెండు, ఆగి పది. సున్నాను పది బీప్‌లుగా పలుకుతుంది. కెప్టెన్ గొట్టానికి ఉన్న చిన్న రంధ్రానికి చెవి ఆనించి నడుస్తోంది, మిగతావాళ్లు చుట్టూ నోళ్లు మూసుకుని నడుస్తున్నారు. చివరి అంకె దగ్గర మైకులో ఏదో ప్రకటన. ఆమె ఆగిపోయి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటి నుంచి విన్నది.

లక్ష్యానికి 17 అడుగులు తక్కువ. టైము ఒకటిన్నర సెకను తక్కువ, అంటే ఆరు పాయింట్లు. మొత్తం 23. గుడ్డు నిక్షేపంలా ఉంది. ఫిన్ అంతకంటే నిక్షేపంలా ఉంది.

మొదటి రౌండులో బాగా చేసిన జట్లకే రెండో అవకాశం. 23తో అది రాలేదు. ఏడుస్తారేమోనని నేను చేగోడీల సంచి సిద్ధంగా పెట్టుకున్నాను. ఏడవలేదు. చేగోడీలు తింటూ నాలుగు గ్రాములు కాదు, ఏడు తగ్గించాల్సిందని లెక్క తేల్చారు. తడిసిన పారాషూట్, తడిసిన రాకెట్ ఒళ్లు పట్టికలో లేవు. "వానలో మనం ఎప్పుడూ ఎగరెయ్యలేదు కదా" అంది కెప్టెన్. టెస్టింగులో దీన్ని మేం వేరే పేరుతో పిలుస్తాం. చెప్పలేదు.

మధ్యాహ్నం రెండో రౌండు కూర్చుని చూశాం. గెలిచింది అలబామాలోని రసెల్‌విల్ దగ్గర థార్ప్‌టౌన్ హైస్కూల్ జట్టు. పెద్ద నగరం కాదు, పేరున్న బడి కాదు. లక్ష డాలర్ల బహుమతి సొమ్ము ముందు వరుస జట్లకు పంచుతారు. గెలిచినవాళ్లు జులైలో ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో ఎయిర్ షోలో మిగతా దేశాల పిల్లలతో తలపడతారు. ఆ జట్టు పేరు మైకులో పిలిచినప్పుడు వాళ్ల గంతులు చూసి మావాళ్లు కూడా లేచి ఈలలేశారు. మనం ఓడినా చిన్న ఊరు గెలవడం బాగుంది అన్నాడు మావాడు. ఈ మాట వాడికి ఎవరు నేర్పారో తెలీదు. నాయుడుపేట రక్తమే అయి ఉంటుంది.

ఆదివారం, మే 19

తిరుగు దారిలో లాన్‌హామ్‌లోని శివవిష్ణు ఆలయం. గొడ్డార్డ్ సెంటర్‌కి కూతవేటు దూరం. శుక్రవారం ఆ పక్క నుంచే పోయినా ఆగలేదు. వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని, క్యాంటీన్‌లో ఇడ్లీలు, దోసెలు తిన్నాం. ఫిజిక్స్ టీచరు సాంబారు రెండోసారి పోయించుకున్నాడు. కెప్టెన్ వచ్చే ఏడాది పన్నెండో తరగతి, కాలేజీ అప్లికేషన్లుంటాయి కాబట్టి కెప్టెన్సీ వదిలేస్తానంది. టేబుల్ దగ్గరే ఓట్లేసి తొమ్మిదో తరగతి పిల్లను ఎన్నుకున్నారు. ఆ నోటుబుక్కు చేతులు మారింది. మొదటి పేజీలోనే "వాన" అని ఒక కొత్త గడి గీసింది ఆ పిల్ల.

బాల్టిమోర్ టన్నెల్ ఈసారి తొందరగానే దాటాం. వెనక సీట్లలో పారాషూట్ ఆరబెట్టారు, ముందు సీట్లో వరంగల్ ఆయన చాలాసేపటి నుంచి ఫోన్లో ఏదో చదువుతున్నాడు. డెలావేర్ దాటాక బయటపెట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు అసోసియేషన్ వాళ్లే హై పవర్ సర్టిఫికెట్ ఇస్తారట. లెవెల్ వన్ అంటే హెచ్, ఐ మోటార్లు. సొంతంగా రాకెట్ కట్టి, వాళ్ల ఎదుట ఎగరేసి, చెక్కుచెదరకుండా దింపితే చాలు.

"గుడ్డు కూడా అక్కర్లేదండీ" అన్నాడు నాతో, చిన్నపిల్లాడిలా.

వెనక నుంచి వాళ్లబ్బాయి గొంతు: "చెయ్యి డాడీ. కానీ ఫిన్ విరిగితే నన్ను పిలవొద్దు. నేను ముట్టుకోను."